పాత ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి ఇంట్లోనే కాయిలోవర్లు వేసుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 2005 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. షాక్ అబ్జార్బర్లు బండితో వచ్చినవే, స్పీడ్ బ్రేకర్ దిగాక వెనక భాగం రెండు మూడు సార్లు ఊగుతోంది. చెన్నై పోరూరులో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, స్నేహితుడి సాయంతో, శని ఆదివారాల్లో కాయిలోవర్లు, అంటే స్ప్రింగూ షాకూ ఒకటిగా ఉండి ఎత్తు మార్చుకోగలిగే సామాను, వేసుకోవాలని ఉంది. బండి 50 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. నెలకోసారి ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్తారు. ఇంట్లో చేసుకోదగ్గ పనేనా, ఏం జాగ్రత్తలు కావాలి?

చేసుకోదగ్గ పనే. నేను అంబత్తూరు ఎస్టేట్‌లో టూల్ రూమ్‌లో పనిచేస్తాను, బండ్ల పని నాకు వృత్తి కాదు. అయినా నా ఆక్టేవియాకీ, ఇద్దరు మిత్రుల బండ్లకీ మా ఇంటి ముందే ఈ పని చేశాను. కానీ ఆ 50 అన్న అంకెను మార్చుకోండి. మీ వాడకానికి 20 నుంచి 25 మి.మీ. దగ్గర ఆగాలి. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు కొనే కిట్, చేసే పని, ఆ తర్వాత బండి నడిచే తీరు అన్నీ ఆ ఎత్తు మీదే ఆధారపడతాయి.

ముందు భాగంలో మీ బండికి ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే షాక్ చుట్టూ స్ప్రింగ్ ఉన్న నిలువు కాలు. కింద లోయర్ ఆర్మ్ ఒక్కటే, పైన స్ట్రట్టే చక్రాన్ని నిలబెడుతుంది. కంపెనీ పెట్టిన ఎత్తులో లోయర్ ఆర్మ్ బండి మధ్య నుంచి చక్రం వైపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. బండిని దించిన కొద్దీ ఆ ఆర్మ్ సమతలానికి వస్తుంది, ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. అలా లేచిందంటే రోల్ సెంటర్, అంటే మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బండి బరువు కేంద్రం కన్నా చాలా ఎక్కువగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, మలుపులో బండి మునుపటికన్నా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. స్ప్రింగులు గట్టివి కాబట్టి ఆ ఒరుగుడు బయటికి కనబడదు, కానీ బయటి టైరు మీద పడే భారం మాత్రం తగ్గదు. దానికి తోడు చక్రం పైకి కదిలినప్పుడల్లా టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోయి, గతుకుల్లో స్టీరింగ్ అటూ ఇటూ లాగుతుంది. ఇంతా ఖర్చు పెట్టి కంపెనీ బండికన్నా అధ్వాన్నంగా మలుపు తిరిగే బండ్లు ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఆదివారం పొద్దున ఎన్నో కనిపిస్తాయి. చూడ్డానికి అందంగా ఉంటాయి, నడిపే మనిషి మాత్రం స్టీరింగ్‌తో కుస్తీ పడుతుంటాడు.

ఈ ప్లాట్‌ఫామ్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. ఆక్టేవియా మొదటి తరం, నాలుగో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, మొదటి తరం ఆడి ఏ3 అన్నీ కింద ఒకే ఎముకల గూడు మీద కట్టినవి. దీన్ని మరీ దించితే డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) పైకి లేచి చాసిస్ రైలుకి, అంటే బండి అడుగున ఉండే ఇనుప దూలానికి తగులుతుంది. విదేశాల్లో బాగా దించేవాళ్లు అక్కడ చాసిస్‌ని కోసి వెల్డింగ్ చేయిస్తారు. కుటుంబంతో ఘాట్ రోడ్డెక్కే బండికి ఆ పని తలపెట్టకండి.

ఇక మన వీధులు. స్పీడ్ బ్రేకర్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ఉంది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం. మీ బండి రెండు ఇరుసుల మధ్య దూరం 2,512 మి.మీ. ఆ కొలత ప్రకారం కట్టిన బ్రేకర్ మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కుతాయి కాబట్టి, లెక్క వేస్తే బండి పొట్ట కింద ఖాళీలోంచి పోయేది దాదాపు 46 మి.మీ. మాత్రమే. అదే 10 సెంటీమీటర్ల ఎత్తుని అడుగున్నర వెడల్పులో కట్టేస్తే, ముందు చక్రాలు దిగి వెనక చక్రాలు ఇంకా ఎక్కని క్షణంలో మొత్తం 100 మి.మీ. మీ సంప్ (ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టి) కిందికీ, ఎగ్జాస్ట్ కిందికీ వస్తుంది. మీ వీధిలో ఉన్నవి ఏ రకమో మీకే తెలుసు. ఒక సాయంత్రం టేపు పట్టుకెళ్లి మీ ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న బ్రేకర్లని, మీ పార్కింగ్ ర్యాంపు మొదలయ్యే చోటుని కొలవండి. తర్వాత నలుగురిని, సామానుని ఎక్కించి సంప్ కింద ఎంత ఖాళీ ఉందో చూడండి. కిట్ ఆర్డర్ పెట్టడానికి ముందే ఇది చేయండి.

స్ప్రింగ్ గట్టిదనం గురించి చాలామందికి ఉన్న భయం కొంత నిజం, కొంత అపోహ. కిట్ మీద 4 కేజీ, 6 కేజీ అని రాసి ఉంటుంది. స్ప్రింగ్‌ను ఒక మిల్లీమీటరు నొక్కడానికి అన్ని కిలోల బరువు కావాలని దానర్థం. ఉదాహరణకి ఒక ముందు మూల మీద స్ప్రింగ్ మోసే బరువు 360 కిలోలు అనుకోండి. 3 కేజీ స్ప్రింగ్ ఆ బరువుకి 120 మి.మీ. కుంగుతుంది, 6 కేజీది 60 మి.మీ. కుంగుతుంది. ఈ కుంగుడు నుంచే బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగాలని చూస్తుందో తేలుతుంది. మొదటిదానికి సుమారు 1.4 సార్లు, రెండోదానికి సుమారు 2 సార్లు. మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్యలో ఉంటాయి. 2 దాటితే వెనక సీట్లో పెద్దవాళ్లకి నడుము నొప్పి వస్తుంది. కాబట్టి మీకు 1.6, 1.7 దగ్గర పడే స్ప్రింగులు చాలు. రేసు ట్రాక్ కోసం చేసిన కిట్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాళ్లు కూడా మిగతా రోజులన్నీ పూందమల్లి రోడ్డు మీదే కదా తిరిగేది.

అపోహ ఏంటంటే, కాయిలోవర్ గట్టిగా కొడుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలా స్ప్రింగ్ వల్ల కాదు. బండిని మరీ దించినప్పుడు షాక్ లోపలికి వెళ్లడానికి మిగిలే దూరం తగ్గిపోతుంది, చిన్న గుంటకే బంప్ స్టాప్ రబ్బరు మీద కూర్చుంటుంది. అప్పుడు తగిలే దెబ్బని మనం స్ప్రింగ్ దెబ్బ అనుకుంటాం. ఇది తెలుసుకోవడానికి తేలికైన మార్గం ఒకటుంది. కాయిలోవర్ షాఫ్ట్ మీద చిన్న ప్లాస్టిక్ కేబుల్ టై కట్టి, కిందికి జరిపి పెట్టండి. ఓ పది కిలోమీటర్లు తిరిగొచ్చి అది ఎక్కడిదాకా పైకి జరిగిందో చూడండి. బంప్ స్టాప్‌కి ఆనుకుని ఉందంటే బండిని పైకి లేపాలి. షాక్ గట్టిదనం మార్చే నాబ్ క్లిక్కులు తిప్పినందువల్ల అది తీరదు.

కిట్ ఎంపిక గురించి తక్కువే చెప్తాను. బిల్‌స్టీన్, కేడబ్ల్యూ, హెచ్ అండ్ ఆర్ లాంటి జర్మన్ సంస్థలు ఈ ప్లాట్‌ఫామ్‌కి కిట్లు చేశాయి. రోడ్డు కోసం చేసినదేదైనా మీకు సరిపోతుంది. పుదుప్పేటలో సెకండ్ హ్యాండ్ కిట్లు కనిపిస్తాయి, ఆశపడకండి. షాఫ్ట్ మీద గుండుసూది మొనంత తుప్పు చుక్క ఉన్నా అది సీల్‌ని కోసేస్తుంది, కొన్ని నెలల్లో నూనె కారడం మొదలవుతుంది. ఇంకో మాట, వెనక మీ బండికి నిజానికి కాయిలోవర్ రాదు. అక్కడ ఉన్నది టోర్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే దూలం, స్ప్రింగ్ ఒకచోట, షాక్ ఇంకోచోట ఉంటాయి. కిట్‌లో వెనక కోసం పొట్టి స్ప్రింగ్, దాని సీటు ఎత్తు మార్చే మర ఉన్న ముక్క, విడిగా షాక్ వస్తాయి. డబ్బా విప్పి చూసి తప్పు కిట్ పంపారని కంగారు పడొద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇరవై ఏళ్ల బండికి కొత్త షాక్‌లు వేసి పాత రబ్బరు వదిలేస్తే డబ్బు సగం వృథా. లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు), స్టెబిలైజర్ లింకులు (ఒరుగుడు తగ్గించే బార్‌ని పట్టే కడ్డీలు), బాల్ జాయింట్లు, స్ట్రట్ పైన ఉండే టాప్ మౌంట్, దాని బేరింగ్, వెనక బీమ్ బుష్‌లు, ఇవన్నీ మెత్తబడి, పగిలి, లోపల్లోపల ఊగుతుంటాయి. మెత్తటి పాత షాక్‌తో ఆ లోపం కనబడదు. గట్టి కాయిలోవర్ పెట్టగానే ప్రతి గుంటకీ టక్ టక్‌మని శబ్దం మొదలవుతుంది, మనం కొత్త సామాను మీద నింద వేస్తాం. నా బండికి మొదటిసారి చేసినప్పుడు ఆర్మ్ బుష్‌లు తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. మూడు వారాలకే మళ్లీ మొత్తం విప్పాను. మీరు అన్నీ ఒకే ఆర్డర్‌లో తెప్పించుకోండి. వెనక బీమ్ బుష్‌లు నొక్కి ఎక్కించడానికి ప్రత్యేక పరికరం కావాలి, ఆ ఒక్క పని వర్క్‌షాప్‌లో ముందే చేయించేయండి.

టాప్ మౌంట్లు, బేరింగులు కొత్తవి కొనమనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. కాయిలోవర్‌కి మీ పాత టాప్ మౌంట్‌నే తగిలించాలంటే, పాత స్ట్రట్‌లో నొక్కి పెట్టి ఉన్న స్ప్రింగ్‌ని విప్పాలి. ఆ స్ప్రింగ్ వందల కిలోల బలంతో బంధించి ఉంటుంది. చవక స్ప్రింగ్ కంప్రెసర్ కొక్కేలు జారితే అది ఎదురుగా ఉన్న మనిషి మొహం మీదికి వస్తుంది. ఈ మొత్తం పనిలో ప్రాణం తీయగలిగినవి రెండే, ఒకటి ఇది, రెండోది జాకీ జారడం. కొత్త మౌంట్లు తెచ్చుకుంటే పాత స్ట్రట్‌ని విప్పాల్సిన అవసరమే ఉండదు, ఉన్నది ఉన్నట్టు తీసి మూల పెట్టేయొచ్చు. మౌంట్లకి పెట్టే ఖర్చు మీ చేతులకీ కళ్లకీ పెట్టే ఖర్చు అనుకోండి.

పాత స్ట్రట్‌లను, స్ప్రింగులను పారేయకండి కూడా. మీది 2005 బండి కాబట్టి 15 ఏళ్ల ఆర్‌సీ గడువు దాటింది, ఇక ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేయించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. ఆర్టీవో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. అవసరమైతే పాత సామాను ఒక రోజులో తిరిగి ఎక్కించగలిగేలా ఉండాలి.

చోటు విషయం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని ముందే అడగండి, రెండు రోజులు బండి కదలదని చెప్పండి. నేల సమతలంగా, గట్టిగా ఉండాలి. బేస్‌మెంట్‌లో నీళ్లు పోవడానికి వాలు పెడతారు, ఒక గోళీ వదిలి చూడండి, దొర్లితే ఆ చోటు వద్దు. తారు నేల అయితే ఎండకి మెత్తబడి స్టాండ్ కాళ్లు దిగబడతాయి, కింద మందపాటి చెక్క పలకలు వేయండి. చెన్నైలో జనవరి, ఫిబ్రవరి నెలలు ఈ పనికి మంచివి. మే నెల మధ్యాహ్నం ఇనుము పట్టుకోలేం, చెమట కళ్లలో పడి పొరపాట్లు చేస్తాం.

మూడు టన్నుల ట్రాలీ జాకీ ఒకటి, యాక్సిల్ స్టాండ్లు నాలుగు కావాలి. ఇటుకలు, హాలో బ్లాకులు, పాత రిమ్ములు పెట్టి కిందికి దూరే అలవాటు మన మెకానిక్ షెడ్లలో ఉంది, దయచేసి మీరు చేయకండి. హాలో బ్లాక్ పగిలేముందు చిన్న శబ్దం కూడా చేయదు. నేను బండి స్టాండ్ల మీద పెట్టాక తలుపు దగ్గర నిలబడి రెండు చేతులతో గట్టిగా ఊపి చూస్తాను. ఊపితే కదిలే బండి కిందికి నేను వెళ్లను. తీసిన చక్రాన్ని కూడా సిల్ (తలుపుల కింది అంచు) కింద పడుకోబెడతాను, స్టాండ్ జారినా బండి చక్రం మీద ఆగుతుంది. ముందు భాగం ఎత్తినప్పుడు వెనక చక్రాలకి రెండువైపులా చెక్క దుంగలు తప్పనిసరి.

మిగతా సామాను జీపీ రోడ్డులో దొరుకుతుంది: టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), సాకెట్లు, పొడుగు బ్రేకర్ బార్, అలెన్ కీలు, వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, కాపర్ గ్రీజు. ఈ బండికి ప్రత్యేకంగా కావలసింది ఒకటుంది, స్ట్రట్ స్ప్రెడర్. మీ స్ట్రట్ కింది భాగం హబ్ క్యారియర్‌లో, అంటే చక్రాన్ని మోసే ఇనుప దిమ్మలో, ఒక గొట్టంలోకి దూరి బోల్టుతో బిగించి ఉంటుంది. బోల్టు తీసినా ఇరవై ఏళ్ల తుప్పుతో అది వదలదు. ఆ గొట్టం వెనక ఉన్న చీలికలో స్ప్రెడర్ పెట్టి పావు వంతు తిప్పితే గొట్టం కొంచెం విచ్చుకుంటుంది, స్ట్రట్ జారుతుంది. అది లేకుండా ఉలి కొట్టి విడదీసేవాళ్లని చూశాను, అలా పగిలిన హబ్ క్యారియర్‌కి మార్కెట్ అంతా వెతకాలి. పనికి మూడు రోజుల ముందు నుంచే రోజూ సాయంత్రం ఆ బోల్టులన్నిటికీ స్ప్రే కొడుతూ ఉండండి. సముద్రపు గాలి తగిలిన బండికి ఈ ఓపిక చాలా పని ఆదా చేస్తుంది. ఇంకో సంగతి, జర్మన్ బండ్లలో చాలా బోల్టులు ఒకసారి బిగిస్తే సాగేవి. మాన్యువల్‌లో టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలని రాసి ఉంటే అది ఆ రకమే, కొత్తది వేయాలి. టార్క్ అంకెలు మాన్యువల్ నుంచే తీసుకోండి, నోటి మాట నమ్మకండి, నాది కూడా.

పని మొదలుపెట్టే ముందు నాలుగు మూలల్లో చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి మారిపోతుంది, ఇది మారదు.

మొదటి రోజు ముందు భాగం. చక్రాల బోల్టులు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయండి. ఎత్తి, చక్రం తీసి, స్ట్రట్‌కి పట్టి ఉన్న బ్రేక్ పైపు, ఏబీఎస్ వైరు క్లిప్పులు విడిపించండి. తొందరలో తెగేది ఈ ఏబీఎస్ వైరే. స్టెబిలైజర్ లింక్ రెండువైపులా ఒకేసారి విప్పండి, ఒకవైపే విప్పితే బార్ మెలిపడి బోల్టు రాదు. బాల్ జాయింట్‌ని లోయర్ ఆర్మ్‌కి పట్టే మూడు బోల్టులు తీసేముందు అది ఉన్న చోటు చుట్టూ పెయింట్ పెన్నుతో గీత గీయండి. అది అటూ ఇటూ జరిగితే క్యాంబర్, అంటే చక్రం నిట్టనిలువు నుంచి పక్కకి వాలి ఉండే కోణం, మారుతుంది. ఇప్పుడు హబ్ బయటికి ఊగుతుంది. ఇక్కడ స్నేహితుడు హబ్‌ని చేత్తో పట్టుకుని ఉండాలి. దాన్ని బయటికి లాగేస్తే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడొచ్చు, ఒక మిత్రుడి బండికి అలా జరిగి సాయంత్రమంతా గ్రీజు తుడుస్తూ కూర్చున్నాం. బ్రేక్ క్యాలిపర్‌ని పైపు మీద వేలాడనీయకుండా తీగతో కట్టండి.

పైన బానెట్ కింద స్ట్రట్ టవర్ మీద ఉన్న నట్లని జాగ్రత్తగా గుర్తుపట్టండి. స్ట్రట్‌ని బండికి పట్టే నట్ వేరు, స్ప్రింగ్‌ని బంధించి ఉంచే నట్ వేరు. మీరు తీయాల్సింది మొదటిది మాత్రమే. అనుమానం వస్తే ఆగి మాన్యువల్ బొమ్మ చూడండి.

కొత్త కాయిలోవర్ పైన టాప్ మౌంట్ నట్ బిగించేటప్పుడు ఇంపాక్ట్ గన్ వాడొద్దు. గన్ కొట్టే దెబ్బలకి షాఫ్ట్ లోపల గిరగిరా తిరుగుతుంది, సీల్, లోపలి వాల్వ్ దెబ్బతింటాయి. నా రెండో మిత్రుడు అమర్చే పని ఒక షాపుకి ఇచ్చాడు, వాళ్లు గన్‌తో రెండు సెకన్లలో బిగించేశారు. నాలుగు నెలలకి ముందు రెండు షాక్‌లూ కారడం మొదలుపెట్టాయి. అలెన్ కీతో షాఫ్ట్ మధ్యలో పట్టుకుని, పానాతో నట్ తిప్పాలి, చివరి బిగింపు కూడా చేత్తోనే. ఐదు నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

వెనక భాగం రెండో రోజు, దీనికి రెండు మూడు గంటలు చాలు. బీమ్ కింద జాకీ ఆనించి, రెండు షాక్‌ల కింది బోల్టులు తీసి, జాకీని మెల్లగా దించితే స్ప్రింగులు చేతికి వచ్చేస్తాయి. దించేటప్పుడు బ్రేక్ పైపులు, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు బిగుసుకుంటున్నాయా అన్నదొక్కటే కనిపెట్టి ఉండాలి. స్ప్రింగ్ సీటు కింద ఇసుక, తుప్పు పేరుకుని ఉంటాయి, వైర్ బ్రష్‌తో గీకి, రంగు వేసి ఆరనివ్వండి.

తర్వాత చెప్పేది చాలా వర్క్‌షాపులు కూడా వదిలేసే పని. లోయర్ ఆర్మ్ పివట్ బోల్టులని, వెనక బీమ్ బోల్టులని, షాక్ కింది బోల్టులని బండి గాల్లో వేలాడుతుండగా చివరిదాకా బిగించకండి. ఆ బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. చక్రం వేలాడినప్పుడు ఆర్మ్ బాగా కిందికి వాలి ఉంటుంది. అప్పుడు బిగిస్తే రబ్బరుకి ఆ వాలుడే సహజ స్థితి అవుతుంది. బండిని నేలకి దించగానే ఆర్మ్ పైకి తిరుగుతుంది, రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కొత్త బుష్ కొన్ని నెలల్లో చిరిగిపోవడానికి కారణం ఇదే. పైగా ఆ మెలి ఒక స్ప్రింగులా బండిని పైకి నెడుతుంటుంది కాబట్టి మీరు పెట్టిన ఎత్తు కూడా తప్పుగా చూపిస్తుంది. అందుకే అన్నీ చేత్తో ఆనేంత బిగించి, చక్రాలు వేసి, బండిని దించి, కొంచెం ముందుకీ వెనక్కీ నెట్టి, కుదురుకోనిచ్చి, ఆ తర్వాత బండి బరువు చక్రాల మీద ఉండగా బిగించాలి. కిందికి చేయి పోదు కాబట్టి నేను నాలుగు చక్రాల కింద ఒకే ఎత్తు గట్టి చెక్క దిమ్మలు పెడతాను. మీరు కాయిలోవర్ కొనకుండా ఒట్టి బుష్‌లు మాత్రమే మార్చినా ఇదే పద్ధతి. చక్రాల బోల్టులు 120 న్యూటన్ మీటర్లు, నక్షత్రం ఆకారంలో ఒకదానికెదురుగా ఒకటి బిగించండి.

ఎత్తు పెట్టేటప్పుడు కుడి ఎడమ కొలతలు ఐదు మి.మీ. లోపు తేడాలో ఉంటే చాలు. స్ప్రింగ్ సీటు మర పైకి తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందని కొందరు చెప్తారు. బండి బరువు స్ప్రింగ్ మీద పడ్డాక అది ఎంత కుంగాలో అంతే కుంగుతుంది. సీటు తిప్పితే మారేది ఎత్తు మాత్రమే. మరీ కిందికి తిప్పితే ఇంకో ప్రమాదం. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగ్ వదులై సీటు నుంచి పక్కకి జరుగుతుంది. బండి ఎత్తి, స్ప్రింగ్‌ని చేత్తో తిప్పి చూడండి, గలగలలాడకూడదు. షాక్ గట్టిదనం మార్చే నాబ్ ఉంటే, పూర్తిగా గట్టి వైపు తిప్పి అక్కడ నుంచి క్లిక్కులు లెక్కపెట్టి మధ్యలో పెట్టండి, నాలుగు అంకెలూ రాసుకోండి. ఆ తర్వాత ఒకసారికి రెండు క్లిక్కులే మార్చి, అదే రోడ్డు మీద తిరిగి చూడండి.

మొదటి ప్రయాణం ఇంటి చుట్టూ నెమ్మదిగా, అద్దాలు దించి, పాటలు ఆపి. స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటోందా, బ్రేక్ పైపు లాగుతోందా చూడండి. వంద కిలోమీటర్లకి అన్ని బోల్టులూ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. స్ప్రింగులు కుదురుకోవడానికి 300 నుంచి 500 కిలోమీటర్లు పడుతుంది, అసలు వీల్ అలైన్‌మెంట్ అప్పుడు చేయించండి. కానీ అప్పటిదాకా టో తప్పుగా ఉంటే టైర్ల లోపలి అంచు అరిగిపోతుంది కాబట్టి మొదటి రోజే ఒకసారి చూపించి, కుదురుకున్నాక రెండోసారి చేయించడం మంచిది. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి. నేను రెండో అలైన్‌మెంట్ అయ్యాక నెల్లూరు హైవే మీద సూళ్లూరుపేట దాకా వెళ్లొచ్చాను. ఫ్లైఓవర్ జాయింట్ల మీద బండి ఒక్కసారి కదిలి ఆగిపోవడం అప్పుడే తెలిసింది. అంతకు ముందు ప్రతి జాయింట్‌కీ వెనక సీట్లో మా అమ్మ ముందు సీటు పట్టుకునేది.

ఆ తర్వాత మన ఊరికి ప్రత్యేకమైన సంరక్షణ ఒకటుంది. సముద్రపు గాలి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రోడ్డు మీద నిలిచే నీళ్లు, రెండూ కాయిలోవర్ మరల్లో ఉప్పూ మట్టీ నింపుతాయి. ఏడాది పట్టించుకోకపోతే సీటు రింగు అక్కడే కరుచుకుపోతుంది, ఎత్తు మార్చే సౌకర్యం కోసం పెట్టిన డబ్బు పోయినట్టే. వర్షాకాలం అయ్యాక చక్రాలు తీసి, నీళ్లతో కడిగి, నైలాన్ బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, పల్చగా గ్రీజు రాసి తుడిచేయండి. మురికి మీద రింగు తిప్పకండి, మర నలిగిపోతుంది. వేలచ్చేరి లాంటి చోట్ల మోకాలి లోతు నీళ్లలో బండి దిగిందంటే వర్షాకాలం అయ్యేదాకా ఆగొద్దు, ఆ వారమే కడగండి.

శని ఆదివారాల్లో అయిపోతుందా అంటే, తుప్పు సహకరిస్తే అవుతుంది. ఒక బోల్టు విరిగితే అవ్వదు. సోమవారం ఆఫీసుకి వేరే ఏర్పాటు చేసుకుని మొదలుపెట్టండి. చీకటి పడ్డాక అలసటతో చివరి బోల్టులు బిగించే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఇప్పటికి మీరు చేయాల్సింది నాలుగు మూలల ఎత్తు, టైరు సైజు, నలుగురితో సంప్ కింద ఖాళీ, మీ వీధి బ్రేకర్ ఎత్తు, వెడల్పు కొలిచి ఇక్కడ రాయడం. మీరు చూసిన కిట్‌లో ముందు, వెనక స్ప్రింగుల మీద ఎన్ని కేజీలని ఉందో అది కూడా రాయండి. లెక్క వేసి మీ బండికి సరిపోతుందో లేదో చెప్తాను. అప్పటిదాకా డబ్బు కట్టకండి.